చెట్టు మీద చుక్క

ఉద్యోగ జీవితమంతా మెదడును చూస్తూ గడిపాను. దాని గురించి నాకు తెలిసింది తక్కువ. దాన్ని చూపించే అద్దాల గురించి మాత్రం కొంత తెలుసు. ఇప్పుడు మైక్రోస్కోపుల దగ్గర కొత్తగా పనికి కుదురుతున్న కుర్రాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, “మీ రోజుల్లో ఎలా చేసేవారండీ?” అని అడుగుతుంటారు. మజ్జిగ ఇచ్చి పంపేస్తుంటాను. ఇంకా ఎన్నాళ్ళు మజ్జిగతో సరిపెడతారని ఈమధ్య మా ఆవిడ అడిగింది. అందుకని రాస్తున్నాను.

పని ఎలా దొరికింది

మా నాన్నగారు మిషను బడిలో ఉపాధ్యాయులు. రాజమండ్రి కాలేజీలో నా చదువు అయ్యాక నన్ను బోధకుణ్ణి చెయ్యాలని మా చర్చి పెద్దలు అనుకున్నారు. ప్రార్థన మధ్యలో నవ్వు ఆపుకోవడం నాకు చేతకాదని వాళ్ళకు త్వరలోనే తెలిసింది. అదే సమయంలో ఊళ్ళోని ఒక ఆస్పత్రిలో దొర డాక్టరుగారికి సహాయకుడు కావలసి వచ్చాడు. ఇంగ్లీషు రావాలి, చెయ్యి వణకకూడదు, శవాన్ని ముట్టుకున్నవాణ్ణి ఇంట్లోకి రానివ్వాలి. మొదటి రెండూ ఉన్నవాళ్ళు రాజమండ్రిలో చాలామందే ఉండేవారు. మూడోది మా ఇంట్లో ఉంది.

దొరగారు పొద్దున రోగులను చూసేవారు. మధ్యాహ్నం నుంచి వరండా చివరి గదిలో మెదడును చూసేవారు. ఆ గదికి ఉత్తరం వైపు ఒకటే కిటికీ. కిటికీ ముందు బల్ల, బల్ల మీద జర్మనీ నుంచి తెప్పించుకున్న ఇత్తడి మైక్రోస్కోపు. మెదడు ముక్కను ఉల్లిపొర కంటే కొంచెం మందంగా కోసే యంత్రం ఒకటి, గాజు ప్లేట్ల మీద ఫొటో తీసే పెద్ద కెమెరా ఒకటి ఉండేవి. ఆ కెమెరా పెట్టెలో మేక ఒకటి హాయిగా కాపురం ఉండవచ్చు. ఇవన్నీ ఆయన సొంతం. వాటిని శుభ్రంగా ఉంచడం, అవి చూపించినదాన్ని బొమ్మ గీయడం నా పని.

దొరగారికి తెలుగు వచ్చు. ఉద్యోగ పరీక్ష కోసం ఒక పండితుడి దగ్గర నేర్చుకున్నారు. ఆ పండితుడు తనకు తెలిసిన తెలుగే నేర్పాడు. రైతు ఎవరైనా కడుపు పట్టుకుని వస్తే, “నీ యుదరమునందు బాధ యెప్పటినుండి కలదు?” అని అడిగేవారు. రోగులు దండం పెట్టేవారు గాని జవాబు చెప్పేవారు కాదు. నాతో మాత్రం, తప్పు తనదైనప్పుడు ఇంగ్లీషులోను, నాదైనప్పుడు తెలుగులోను మాట్లాడేవారు. అందువల్ల నా తెలుగు బాగుపడింది.

మచ్చ ఎక్కడుంది

కొత్తవాళ్ళు మొదట నేర్చుకోవలసింది ఇది. మైక్రోస్కోపులో ఒక మచ్చ కనిపించింది. సంతోషించకండి. ముందు కంటి దగ్గరి గొట్టాన్ని మెల్లగా తిప్పండి. మచ్చ కూడా తిరిగితే అది ఆ గొట్టం అద్దం మీద ఉంది. తిరగకపోతే స్లయిడును జరపండి. మచ్చ దాంతో జరిగితే అది స్లయిడులో ఉంది. రెంటికీ కదలకపోతే కింది లెన్సు విప్పి చూడండి. అక్కడా లేకపోతే మీ కంట్లో ఉంది, ఇంటికెళ్ళి పడుకోండి.

ఇది మాకు ఊరికే రాలేదు. గోదావరి ముసురు పట్టిందంటే మా దగ్గర తోలు చెప్పులకే కాదు, గాజుకు కూడా బూజు పడుతుంది. ఒక వానాకాలం దొరగారు ఎవరూ ఎరగని కొత్త రకం నరం కనిపెట్టారు. తెల్లటి దారాల్లా కొమ్మలు వేసి ఉంది. నేను బొమ్మ గీశాను. మరునాటికి అది మరో రెండు కొమ్మలు వేసింది. చచ్చిపోయిన మెదడులో నరం ఎదుగుతోందని ఆయన భోజనం కూడా మాని చూశారు. గొట్టం తిప్పితే నరం కూడా గిర్రున తిరిగింది. బూజు! దొరగారు ఆ బొమ్మను తానే చింపి, ఇంగ్లీషులో ఏదో అన్నారు. నాకు ఆయన మీద గౌరవం కలిగింది అప్పుడే. తను కనిపెట్టినదాన్ని తన చేత్తో చింపగల పై అధికారి నాకు మళ్ళీ దొరకలేదు. అప్పటి నుంచి లెన్సులను పొడిసున్నం పోసిన డబ్బాలో పెట్టడం మొదలుపెట్టాం.

ఈ పరీక్ష ఎందుకు చెప్పానంటే, తరువాత జరిగినదానికి నేను ఇదే పరీక్ష చేశాను. ఎన్నిసార్లు చేశానో నాకే తెలియదు.

వెండి

మెదడును ఊరికే కోసి చూస్తే గంజి కనిపిస్తుంది. కణాలన్నీ ఒకదానిలో ఒకటి చిక్కుకుని, ఇసకేస్తే రాలనట్టు ఉంటాయి. అప్పట్లో ఐరోపా నుంచి ఒక పద్ధతి వచ్చింది. మెదడు ముక్కను నారింజ రంగు ఉప్పు నీళ్ళలో నానబెట్టి, తరువాత వెండి ద్రావణంలో వేసి చీకట్లో ఉంచుతారు. వెండి ఆ జనంలోంచి ఎక్కడో ఒక కణాన్ని ఎంచుకుని, వేరు నుంచి చివరి కొమ్మ దాకా దాన్ని నల్లగా నింపుతుంది. పక్కవాటిని ముట్టుకోదు. దాన్నే ఎందుకు ఎంచుకుందో అప్పుడెవరికీ తెలియదు. ఇప్పటికీ ఎవరికీ తెలియదనే వింటున్నాను.

మా ఎండలకు ఆ పద్ధతి లొంగేది కాదు. గొర్రె మెదళ్ళు, కుక్క మెదళ్ళు, దిక్కులేక ఆస్పత్రిలో చనిపోయినవాళ్ళ మెదళ్ళు, అన్నీ నల్ల బురదగా తేలాయి. నా వేళ్ళు మాత్రం వెండి తగిలి చక్కగా నల్లబడ్డాయి. పని కుదరాలంటే ముక్క తాజాగా ఉండాలి, మనిషి వయసులో ఉండాలి.

ఒక వేసవిలో ఆత్రేయపురం అవతల గోదావరి మధ్య ఉన్న ఒక లంక నుంచి సుబ్బన్న అనే రైతు కుర్రాణ్ణి పడవలో తెచ్చారు. కొబ్బరి చెట్టు మీంచి పడ్డాడు. వెన్ను విరిగింది, తలకు దెబ్బ లేదు. ఆస్పత్రికి వచ్చిన కాసేపటికే పోయాడు. ప్రమాదంలో పోయినవాణ్ణి కోసి చూడాలన్నది సర్కారు నియమం. దొరగారు కోశారు. మెదడు తీసి జాడీలో ఉంచి, తల కుట్టి, శరీరాన్ని ఇంటివాళ్ళకు ఇచ్చేశారు. మెదడు ఉంచుకుంటామని వాళ్ళను అడగాలని ఎవరికీ తోచలేదు. బతికున్నవాళ్ళనే అడిగే అలవాటు తక్కువగా ఉన్న రోజులవి. నా అభిప్రాయం అడిగితే అది తప్పే. నన్నెవరూ అడగలేదు.

ఆ మెదడు మీద వెండి పట్టింది.

మొదటి స్లయిడు నేనే పెట్టాను. పసుపు నీళ్ళలాంటి వెలుగు. ఆ వెలుగు మధ్య ఒకే ఒక్క నల్లని రూపం. కింద ఉబ్బెత్తు మొదలు, మొదలు నుంచి చిన్న వేళ్ళు, పైకి సన్నగా పొడుగ్గా మాను, మాను చివర విచ్చుకున్న మట్టలు. దొరగారు చూశారు. కన్ను తీసి కిటికీలోంచి బయటికి చూసి, మళ్ళీ చూశారు.

“శామ్యూల్, ఇది నారికేళ వృక్షము” అన్నారు.

మెదడు పైపొరలోని కణాలు అలాగే ఉంటాయని తరువాత పుస్తకాల్లో చదువుకున్నాం. కాని అప్పుడు ఆ మాట గదిలో పడ్డాక, ఆ మనిషి ఎలా పోయాడో ఇద్దరికీ గుర్తుకొచ్చింది.

ఆ చెట్టు మాను మీద, మట్టలకు కొంచెం కింద, చిన్న నల్లని చుక్క ఉంది. ఎక్కడో అదనంగా పేరుకున్న వెండి రేణువు. అలాంటివి మామూలే. గొట్టం తిప్పాను, చుక్క తిరగలేదు. స్లయిడు జరిపాను, చెట్టుతోపాటు జరిగింది. లెన్సు విప్పి తుడిచి పెట్టాను, అక్కడే ఉంది. చుక్క స్లయిడులోదే. దొరగారి నియమం ప్రకారం ఉన్నది ఉన్నట్టు గీశాను, చుక్కతో సహా.

ఆ స్లయిడును ఐరోపాలోని పండితులకు పంపి, ఇంత ఎండదేశంలో ఈ పని చేసిన మొదటివాణ్ణి నేనేనని చెప్పుకోవాలని దొరగారి కోరిక. దాని కోసం ఏళ్ళ తరబడి జీతమంతా గాజుకూ వెండికీ పోశారు. మెదడులో మిగిలిన భాగమంతా ఎప్పటిలాగే బురదయింది. కుదిరింది ఆ ఒక్క స్లయిడే.

ఆ రోజుల్లోనే మా కిటికీకి కాకులు రావడం మొదలైంది. ఆస్పత్రి కిటికీలో కాకి వాలడం వింత కాదు. ఆ గదిలో స్పిరిటు వాసనకు ఏ పక్షీ ఎప్పుడూ వచ్చేది కాదు, అయినా అదీ పెద్ద వింత కాదు. మిట్టమధ్యాహ్నం వరసగా కూర్చుని, ఒక్కటీ అరవకుండా, బల్ల వైపు చూస్తుండేవి. తోలితే ఎగిరి మళ్ళీ అక్కడే వాలేవి. దొరగారు వాటి గురించి ఏమీ అనలేదు. బల్లను మాత్రం గోడ వైపు జరపమన్నారు. వెలుగు చాలక మళ్ళీ కిటికీ దగ్గరికే జరిపాం.

గుమ్మంలో ఇద్దరు

ఒక ఉదయం గది గుమ్మంలో ఒక ముసలాయన, నడివయసు ఆడమనిషి నిలబడి ఉన్నారు. ఆమె సత్తెమ్మ, సుబ్బన్న అక్క. ముసలాయన వాళ్ళ నాన్న వీరాస్వామి. ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. మాటలన్నీ ఆమే మాట్లాడింది.

“దొరగారికి దండాలండి. మా తమ్ముడి దినాలు అయిపోయాయండి. కాకి ముట్టలేదు.”

దొరగారికి అర్థం కాలేదు. నేను చెప్పాను. చనిపోయినవాడి పేర పదోనాడు అన్నం ముద్దలు పెడతారు. కాకి వచ్చి ముట్టుకుంటే పోయినవాడు తృప్తిగా వెళ్ళిపోయినట్టు. ముట్టకపోతే వాడి మనసులో ఏదో మిగిలిపోయింది. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే వాడికి వినపడేటట్టు మాట ఇస్తారు: నీ పెళ్ళాన్ని చూసుకుంటాం, నీ ఎద్దులను అమ్మం, అని. సరైన మాట పడినప్పుడు కాకి వస్తుంది. మా చర్చిలో కాకులకు పని లేదు గనుక నేను ఇదంతా కొంచెం పై నుంచే వివరించాననుకుంటాను.

“అన్నీ చెప్పామండి” అంది సత్తెమ్మ. “పెళ్ళాన్ని చూసుకుంటామన్నాం. నేను వాడితో పోట్లాడిన పోట్లాటలన్నీ వదులుకున్నానన్నాను. చెట్టు నిండా కాకులండి, ఒక్కటి దిగదు. దర్భతో కాకిని చేసి ముట్టించేద్దాం అన్నారు పంతులుగారు. మా నాన్న ఒప్పుకోలేదు. అప్పటి నుంచి రోజూ ముద్ద పెడతానే ఉన్నాడు. ఈయన తినడం మానేశాడు. ఇలాగైతే రెండో శవం లేస్తదండి మా ఇంట్లో.”

ముసలాయన చేతి ఎముకలు చూస్తే ఆమె ఎక్కువచేసి చెప్పడం లేదని తెలుస్తోంది.

“శవానికి నీళ్ళు పోసినోళ్ళు చెప్పారు, తల చుట్టూ కుట్లు ఉన్నాయని. లోపల్ది మీ దగ్గరుందా అండి?”

దొరగారు అబద్ధమాడే మనిషి కాదు. “ఉన్నది” అన్నారు.

“చూపెడతారా?”

జాడీ చూపిస్తారనుకున్నాను. ఆయన ఆమెను మైక్రోస్కోపు దగ్గరికి పిలిచారు. చూపించి గొప్ప చెప్పుకోవాలనే కోరిక ఆయనలో చిన్నపిల్లవాడికి ఉన్నంత ఉండేది. ఆమె వంగి, ఎలా చూడాలో నేను చెప్పకుండానే ఒక కన్ను మూసి చూసింది.

“కొబ్బరి చెట్టండి.”

“అవును” అన్నారు దొరగారు సంతోషంగా.

“చెట్టు మీద ఎవడో ఉన్నాడు. సగం దిగాడు.”

దొరగారు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నేను బొమ్మ గీసినవాణ్ణి. చుక్క మట్టల కిందనే ఉండాలి. ఆమె లేచాక నేను చూశాను. మాను నడిమధ్యన ఉంది.

బొమ్మ తెచ్చి పక్కన పెట్టాను. దొరగారు బొమ్మను, స్లయిడును మార్చి మార్చి చూశారు. “నీవు తప్పుగా గీసితివి” అన్నారు. తెలుగులో అన్నారు గనుక నిజంగానే అలా అనుకున్నారు.

“ఇది మా తమ్ముడండి. ఇచ్చెయ్యండి” అంది సత్తెమ్మ.

“అమ్మా, ఇది నీ సోదరుడు గాదు. అందు కనబడు నలుపు వట్టి వెండి.”

ఆమె రెండు చేతుల కడియాలూ తీసి బల్ల మీద పెట్టింది. “వెండే కావాలంటే ఇదిగోండి, ఉంచుకోండి. మావోణ్ణి ఇచ్చెయ్యండి.”

దొరగారి ముఖం ఎర్రబడింది. జాడీలో మిగిలినదంతా, మిగతా స్లయిడులన్నీ నాతో పంపిస్తామన్నారు. ఆ ఒక్కటి మాత్రం ఇవ్వలేమన్నారు. ఆమె కడియాలు తీసుకుని, తండ్రి చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది. ముసలాయన అంతసేపూ మైక్రోస్కోపు వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

నేను జాడీతో వాళ్ళ వెంటే పడవలో వెళ్ళాను. ఇసుకలో ముద్దలు పెట్టారు. జాడీలోదీ, స్లయిడుల మీదిదీ గోదాట్లో కలిపారు. కాకులు చెట్టు మీద కూర్చుని చూశాయి. సత్తెమ్మ నా వైపు తిరిగి, “ఆ చెట్టు తెచ్చారా శామేలు గారూ?” అని అడిగింది. తేలేదన్నాను. “మరి ఎలా వస్తాయండి?” అంది, కోపం లేకుండా. కోప్పడితే బాగుండేది.

ఫొటోలు

తిరిగి వచ్చేసరికి దొరగారు కెమెరా బిగించి ఉన్నారు. గీసేవాడి కన్ను పొరబడవచ్చు, కెమెరాకు నమ్మకాలు లేవు అన్నారు. రోజూ ఎండ బాగా ఉన్నప్పుడు ఒక ప్లేటు తీశాం. కడిగి ఆరబెట్టి కిటికీకి ఆనించి వరసగా పెట్టాం. చెట్టు అన్నిటిలో ఒకేలా ఉంది. చుక్క మాత్రం ఒక ప్లేటుకూ ఇంకో ప్లేటుకూ కొంచెం కొంచెం కిందికి వస్తోంది.

దొరగారు చాలాసేపు ఆలోచించి కారణం చెప్పారు. ముక్కను గాజు మీద అంటించే జిగురును బాల్సం అంటారు. మా వేసవికి అది మెత్తబడుతుంది. మైక్రోస్కోపు బల్ల మీద కొంచెం ఏటవాలుగా వంగి ఉంటుంది. మెత్తబడిన జిగురులో రేణువు బరువుకు కిందికి జారుతోంది. అంతే.

మంచి కారణం. అక్కడితో ఊరుకోవలసింది. కాని కాలేజీలో చదువుకున్న దుర్గుణం నాకొకటి ఉంది.

“అయ్యా, మైక్రోస్కోపు అన్నీ తలకిందులుగా చూపిస్తుంది కదండీ” అన్నాను.

ఆయన నా వైపు చూశారు.

“మనకు కిందికి వస్తున్నట్టు కనిపిస్తోందంటే, గాజు మీద అది పైకి పోతున్నట్టండి. ఏటవాలుకు ఎదురుగా.”

కొత్త కుర్రాళ్ళకు ఒక సలహా. పై అధికారి ఒక కారణం పట్టుకుని ప్రశాంతంగా ఉన్నప్పుడు దాన్ని లాగెయ్యకండి. మీ దగ్గర ఇంకోటి ఇవ్వడానికి ఉంటే తప్ప. నా దగ్గర లేదు. దొరగారు కిటికీ వైపు చూశారు. కాకులు ఉన్నాయి. ఆయన స్లయిడు తిప్పి పెట్టించారు, మైక్రోస్కోపును నిటారుగా నిలబెట్టించారు, జిగురు కరగకుండా స్లయిడు కింద తడిగుడ్డ వేయించారు. తరువాతి ప్లేటులో చుక్క మరికొంచెం దిగింది, రోజూ దిగినంతే.

ఆ ప్లేటు చూసి ఆయన టోపీ పెట్టుకున్నారు.

“పడవ మాటాడుము” అన్నారు.

రేవు

ప్రయాణానికి పనికొచ్చే చిన్న మైక్రోస్కోపు ఒకటి పెట్టెలో ఉండేది. దాన్ని, స్లయిడును దొరగారు తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఐరోపాకు పంపడానికి దూది పరిచి చేయించిన చిన్న చెక్కపెట్టెలోనే స్లయిడును తెచ్చారు. ధవళేశ్వరం నుంచి లంక దాకా దాని మూత తీసి చూస్తూ, మళ్ళీ మూస్తూ ఉన్నారు.

మధ్యాహ్నపు ఎండ. రేవు ఒడ్డునే వీరాస్వామి తోట. సుబ్బన్న పడిన చెట్టు ఆ తోట చివర, ఇసుకకు ఆనుకుని ఉంది. దాని మట్టల నిండా కాకులు. గాలి లేదు. ముసలాయన చెట్టుకు వీపు పెట్టి, ముద్దల ముందు కూర్చున్నాడు. ఆయన్ని ఇద్దరు పట్టుకుని కూర్చోబెట్టవలసి వచ్చిందని సత్తెమ్మ చెప్పింది. “మూడేళ్ళ పిల్లోడికి పెట్టినట్టు గంజి పెడతన్నానండి. ఉమ్మేస్తన్నాడు.”

తిరగేసిన పడవ మీద మైక్రోస్కోపు పెట్టి, కింది అద్దంలో ఎండ పట్టి, స్లయిడు బిగించాను. దొరగారు టోపీ తీసి, చెట్టు వైపు తిరిగి, తన తెలుగులో గట్టిగా చెప్పారు.

“ఓ సుబ్బన్నా! నీ దేహమందలి సమస్త భాగమును నేను తెచ్చితిని. నా వద్ద నిక నేమియు లేదు. నీవు సుఖముగా పొమ్ము.”

ఒడ్డు మీద పాతికమంది పైనే ఉన్నారు. ఎవరూ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు. ఒక మనిషి తనకు ఉన్న ఒకే ఒక్క సంపదను వదులుకుంటున్నప్పుడు వ్యాకరణం ఎలా ఉంటేనేం.

కాకులు కదల్లేదు.

దొరగారు టోపీ చేతిలో పట్టుకుని నిలబడే ఉన్నారు. అంతా ఇచ్చేశాక కూడా చాలలేదంటే ఎవరేం చేస్తారు?

“నాన్నా, నువ్వు చూడు” అంది సత్తెమ్మ.

ముసలాయన తల అడ్డంగా ఊపాడు.

“చూడు నాన్నా. వాడే. ఒక్కసారి చూడు.”

ఆమె, నేను చెరో రెక్క పట్టుకుని తెచ్చాం. ఆయన గొట్టానికి కన్ను పెట్టాడు. చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆయన ఊపిరికి ఇత్తడి మీద ఆవిరి పట్టి, ఆరి, మళ్ళీ పట్టింది.

“ఏం కనపడతంది నాన్నా?”

“నేనే అన్నాను” అన్నాడు ముసలాయన. నేను ఆయన గొంతు వినడం అదే మొదటిసారి.

“ఏంటి నాన్నా?”

“దిగుతానన్నాడు. కాళ్ళు లాగేస్తన్నాయి నాన్నా, దిగిపోతానన్నాడు. ఇంకో గెల ఉంది కదరా, అది కూడా కొట్టి దిగు అన్నాను. కింద నేనే ఉన్నాను.”

సత్తెమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఈ సంగతి ఆమెకూ తెలియదు, ఎవరికీ తెలియదు.

ముసలాయన కన్ను తీశాడు. వెనక్కి తిరిగి, మా ఎవరి ఆసరా లేకుండా నడిచి, ఆ చెట్టు మొదట్లో నిలబడి, తల ఎత్తి పైకి చూశాడు. రెండు చేతులూ నోటి చుట్టూ పెట్టుకుని, చెట్టు మీదున్న మనిషిని పిలిచినట్టు పిలిచాడు.

“ఒరే సుబ్బా! చాల్రా. గెల వద్దు, ఏం వద్దు. దిగొచ్చెయ్యి.”

చేతులు దించి, మాను మీద అరచెయ్యి పెట్టాడు.

“నెమ్మదిగా దిగు నాన్నా. కింద నేనున్నాను.”

మట్టల్లోంచి ఒక కాకి బయటికి వచ్చింది. అది ఎగరలేదు. మాను పట్టుకుని, తల పైకే ఉంచి, ఒక అడుగు, ఆగి, ఇంకో అడుగు, వెనక్కి వెనక్కి కిందికి దిగింది. కాకులు అలా దిగవు. అది చెట్టు మొదలు దాకా దిగి, ముసలాయన పాదాల పక్క నుంచి ఇసుకలో నడుచుకుంటూ వెళ్ళి, ముద్దలోంచి ఒక మెతుకు తీసుకుంది. తరువాత మిగిలినవన్నీ ఒక్కసారిగా అరుస్తూ వచ్చి వాలాయి.

ముసలాయన ఇసుకలో కూలబడి, “అమ్మా, ఆకలేస్తందే” అన్నాడు. సత్తెమ్మ గంజి కోసం పరిగెత్తి, సగం దూరం పోయి, ఏదో గుర్తొచ్చినట్టు మా దగ్గరికి వెనక్కి వచ్చింది.

దొరగారు అప్పటికే మైక్రోస్కోపు మీద వంగి ఉన్నారు.

“ఏంటండీ, కనపడతన్నాడా?” అని అడిగింది.

ఆయన కన్ను తియ్యకుండానే, “బాల్సము కరిగినది. మానుపై నేమియు లేదు” అన్నారు.

“అంటే?”

దొరగారు తలెత్తి నా వైపు చూశారు. రెండు భాషల్లోనూ ఆయనకు మాట దొరకలేదు.

“దిగాడమ్మా” అన్నాను నేను.